ఆర్‌ఎక్స్ 100 క్లచ్ కవర్ స్క్రూలు: ఏ స్క్రూడ్రైవర్ ఎక్కడ పనిచేసింది, ఎందుకు

బండి 1995 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. హైదరాబాద్ మలక్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిపోయింది. ఓనరు బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మనవడు కాలేజీలో చేరాడు, వాడి చేత నడిపిద్దామని మళ్లీ బయటికి తీశారు. మా షెడ్డుకు వచ్చేసరికి ఫిర్యాదులు మూడు. కుడివైపు క్లచ్ కవర్ అంచున గేర్ ఆయిల్ కారుతోంది. కార్బొరేటర్ నుంచి పెట్రోలు పొంగి కింద పడుతోంది. స్టార్టయినా ఐడిలింగ్ నిలబడటం లేదు.

పని ప్రకారం చూస్తే మూడూ చిన్నవే. క్లచ్ కవర్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) మార్చాలి, కార్బొరేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ చూడాలి, ఐడిలింగ్‌కు పెట్రోలు పంపే సన్న బెజ్జం ఉన్న పైలట్ జెట్ శుభ్రం చేయాలి. చిక్కంతా స్క్రూల దగ్గరే. క్లచ్ కవర్ మీద ఇంతకుముందు ఎవరో చెయ్యి చేసుకున్నారు. కొన్ని స్క్రూల ప్లస్ గాడి అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఒకదాని మీద ఉలి పెట్టి పక్కకు కొట్టిన దెబ్బలున్నాయి. ఇంకొకదాని తలకు అడ్డంగా హ్యాక్సా బ్లేడుతో గాటు పెట్టారు. కింది వరసలోవి చూడటానికి బాగానే ఉన్నా, బండి కడిగినప్పుడల్లా నీళ్లు దిగి మరల్లో జంగు పట్టినట్టు తెలుస్తూనే ఉంది.

ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. స్క్రూ పాడైతే జనం స్క్రూనే తిడతారు, లేదంటే "పాత బండి కదా" అంటారు. నేను చూసినంతలో ఎక్కువ స్క్రూలు పాడయ్యేది చేతిలో ఉన్న డ్రైవర్ వల్ల. స్క్రూడ్రైవర్ రెండు పనులు చేయాలి: మొన గాడిలోంచి బయటికి రాకుండా నొక్కి పట్టాలి, అదే సమయంలో తిప్పాలి. మామూలు డ్రైవర్, రాచెట్, స్పైరల్, ఇంపాక్ట్, పొట్టిది, వంకరది, ఇవన్నీ ఈ రెండు పనుల్ని వేరే వేరే పద్ధతుల్లో పంచుకుంటాయి. తేడా అక్కడే ఉంది. పిడి రంగులో లేదు, డబ్బా మీద రాసిన పీసుల లెక్కలోనూ లేదు. ఈ ఒక్క బండి మీద దాదాపు అన్ని రకాలూ వాడాల్సి రావడంతో ఆ తేడాలు ఒకే చోట కనిపించాయి.

ముందుగా మొన

విప్పడం మొదలుపెట్టకముందే కొలతలు చూశాను. క్లచ్ కవర్ స్క్రూలు ఎమ్6, అంటే మర వ్యాసం 6 మిల్లీమీటర్లు. ఎమ్4, ఎమ్5 స్క్రూలకు 2వ నంబరు ప్లస్ మొన సరిపోతుంది. ఎమ్6కు 3వ నంబరు కావాలి. మన షెడ్లలో, ఇళ్లలో, డబ్బా సెట్లలో తొంభై పాళ్లు ఉండేది 2వ నంబరే. షాపులో "స్టార్ డ్రైవర్ ఇవ్వండి" అంటే చేతిలో పెట్టేదీ అదే. 2వ నంబరు మొన ఎమ్6 గాడిలోకి దూరుతుంది, అడుగున ఆనుతుంది కూడా. అందుకే సరిపోయిందని అనిపిస్తుంది. కానీ నాలుగు గోడల్నీ పట్టుకోదు. తిప్పితే గోడల మధ్య ఖాళీలో మెలికపడి అంచుల్ని చెక్కేస్తుంది.

రెండో సంగతి, ప్లస్ గాడిలోనే రకాలున్నాయి. మనకు బాగా తెలిసింది ఫిలిప్స్. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ పేరు మీద 1936లో పేటెంట్లు వచ్చాయి, కార్ల ఫ్యాక్టరీల అసెంబ్లీ లైన్లలో అది బాగా పాకింది. మొన పెట్టగానే తనంతట తాను మధ్యకు వచ్చి కూర్చోవడం దాని గొప్పతనం. అందుకోసం గోడల్ని గరాటులా వాలుగా చేశారు. ఆ వాలే ఇబ్బంది కూడా. తిప్పే బలం పెరిగేకొద్దీ వాలు గోడ మొనను పైకి తోస్తుంది. మనం అంతకంటే ఎక్కువ నొక్కకపోతే మొన ఎగిరి బయటికి వస్తుంది, వస్తూ వస్తూ అంచును గీసుకుపోతుంది.

జపాన్ డిజైన్ బండ్లలో వాడింది జేఐఎస్ గాడి, అంటే జపాన్ పారిశ్రామిక ప్రమాణం ప్రకారం చేసినది. పైనుంచి చూస్తే ఫిలిప్స్ లాగే ఉంటుంది. ఫిలిప్స్ మొనలో నాలుగు రెక్కలు కలిసే లోపలి మూలలు కాస్త నిండుగా, గుండ్రంగా ఉంటాయి కాబట్టి జేఐఎస్ గాడిలో అది పూర్తిగా దిగదు. జేఐఎస్ డ్రైవర్ మాత్రం రెండింటిలోనూ బాగా కూర్చుంటుంది. కొత్త జేఐఎస్ స్క్రూల తల మీద ఒక పక్కన చిన్న చుక్కలాంటి గుంట ఉంటుంది. పాతవాటి మీద అది లేకపోవచ్చు కాబట్టి దాన్నే నమ్ముకోలేం.

మూడో రకం పోజిడ్రివ్. ప్లస్ గీతల మధ్య 45 డిగ్రీల్లో మరో నాలుగు సన్నటి గీతలు కనిపిస్తాయి. అల్మరా కీళ్ల స్క్రూల మీద, కరెంటు బోర్డులోని కొన్ని ఎంసీబీ స్విచ్‌ల టెర్మినళ్ల మీద చూసే ఉంటారు. ఈ మొన బండి స్క్రూలో అసలు పనికిరాదు. మా డబ్బాలో కలిసిపోకుండా వాటి పిడికి టేపు చుట్టి పెట్టాం.

సరిపోయిందో లేదో చూడటానికి నేను చేసే పరీక్ష చాలా తేలిక. మొనకు పర్మనెంట్ మార్కర్ ఇంకు పూస్తాను. స్క్రూ గాడిని సన్నటి పిన్నుతో గోకి, బ్రేక్ క్లీనర్ కొట్టి, మట్టి, పెయింటు పూర్తిగా తీసేస్తాను. ఇంకు ఆరకముందే మొనను నిటారుగా పెట్టి, కొద్దిగా విప్పే వైపు తిప్పుతూ నొక్కి తీస్తాను. 2వ నంబరు ఫిలిప్స్‌తో చేస్తే ఇంకు గాడి అడుగున చుక్కలా అంటింది, గోడలు శుభ్రంగా ఉన్నాయి. 3వ నంబరు ఫిలిప్స్‌తో గోడల పై అంచున సన్నటి గీత పడింది. 3వ నంబరు జేఐఎస్‌తో నాలుగు రెక్కల పక్కనా, పై నుంచి కింది దాకా నల్లటి మచ్చ పడింది. అంటే బలం గోడ మొత్తం మీద పడుతోంది. ఈ ఇంకు చూశాక మా కుర్రాడు మళ్లీ ఎప్పుడూ 2వ నంబరు తేలేదు.

గాడిలో మట్టి గోకడం గురించి ఒక్క మాట. చాలామంది ఈ పని వదిలేస్తారు. ఎమ్6 గాడి లోతే తక్కువ. దాని అడుగున గట్టిపడిన మట్టి ఒక మిల్లీమీటరు ఉన్నా మొన అంత మేర పైకి తేలిపోతుంది. ఎంత మంచి డ్రైవరైనా అప్పుడు పట్టేది పై అంచునే.

మామూలు డ్రైవర్ చేయగలిగింది ఎంత

లెక్క చాలా చిన్నది. తిప్పే బలం అంటే పిడి మీద పట్టు బలాన్ని పిడి వ్యాసార్ధంతో గుణించడమే. 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిడి మీద చెయ్యి 200 న్యూటన్ల పట్టు ఇస్తే, 200ను వ్యాసార్ధం 0.015 మీటర్లతో గుణిస్తే 3 న్యూటన్ మీటర్లు వస్తాయి. పిడి 40 మిల్లీమీటర్లు ఉంటే అదే చేతికి 4. అల్యూమినియంలో ఎమ్6 స్క్రూను మామూలుగా బిగించేదే 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల మధ్య. దానికి జంగు తోడైతే విప్పడానికి అంతకంటే ఎక్కువే కావాలి. కాబట్టి మామూలు డ్రైవర్ పట్టుకుని, పళ్లు బిగబట్టి తిప్పినా ఆ స్క్రూ కదలకపోవడంలో వింతేం లేదు. ఆ టెన్షన్‌లో చెయ్యి తిప్పడం మీదికి పోయి నొక్కడం తగ్గుతుంది. మొన ఎగురుతుంది. ఈ బండి మీద ముందు పనిచేసినవాళ్లకు జరిగింది ఇదేనని అంచుల తీరు చూస్తే తెలుస్తుంది. చెక్కులన్నీ విప్పే వైపే ఉన్నాయి.

పొడుగు డ్రైవర్‌కు బలం ఎక్కువ అనే నమ్మకం మన షెడ్లలో గట్టిగా ఉంది. కడ్డీ పొడుగు వల్ల తిప్పే బలం పెరగదు. పొడుగు డ్రైవర్లకు సాధారణంగా పిడి కూడా లావుగా ఉంటుంది, బలం అక్కడి నుంచి వస్తుంది. దాంతోపాటు కడ్డీ పొడుగ్గా ఉంటే చెయ్యి కాస్త అటూ ఇటూ జరిగినా మొన దగ్గర వంపు తక్కువ పడుతుంది. ఇది నిజమైన లాభమే, కానీ బలానికి సంబంధించింది కాదు.

మామూలు డ్రైవర్లలోనే ఒక రకం ఉంది, పిడికి దగ్గర కడ్డీ మీద ఆరు పలకల నట్టు లాంటి భాగం ఉంటుంది. దానికి పానా తగిలించొచ్చు. ఒక చేత్తో పైనుంచి శరీరం బరువంతా వేసి నొక్కుతూ, రెండో చేత్తో పానా తిప్పాలి. నొక్కే పని ఒక చేతిది, తిప్పే పని ఇంకో చేతిది. 15 సెంటీమీటర్ల పానా చివర 70 న్యూటన్లు పెడితే పదిన్నర న్యూటన్ మీటర్లు వస్తాయి. పిడితో వచ్చేదానికి ఇది మూడింతలు. ఈ బండి మీద బాగున్న స్క్రూల్లో కొన్ని ఇలాగే వచ్చాయి. ఖరీదైన పరికరం కొనకముందు ఎవరైనా ఇది ఒకటి కొనుక్కోవాలని నా గట్టి సలహా. రాణిగంజ్ టూల్స్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. 3వ నంబరని నోరు తెరిచి చెప్పాలి, చూసి తీసుకోవాలి.

ఇంకో రకంలో కడ్డీ పిడి లోపలి నుంచి వెనక దాకా వచ్చి ఇనుప టోపీతో ముగుస్తుంది. సుత్తితో కొట్టడానికి చేసింది. మామూలు ప్లాస్టిక్ పిడి మీద కొడితే దెబ్బలో సగం పిడే మింగేస్తుంది, పిడి పగులుతుంది కూడా. ఈ రకంతో స్క్రూ మీద నిటారుగా రెండు మూడు దెబ్బలు వేస్తే మొన గాడిలో గట్టిగా కూర్చుంటుంది, మరల్లోని జంగు పొర చిట్లుతుంది. ఒక జాగ్రత్త: ఈ డ్రైవర్‌ను కరెంటు పనికి ఎప్పుడూ తీసుకోకూడదు. మొనకు తగిలిన కరెంటు నేరుగా అరచేతికి వస్తుంది. కరెంటు పనికి రెండు త్రికోణాల గుర్తు, పక్కన 1000 వోల్టులని ముద్ర ఉన్న ఇన్సులేటెడ్ డ్రైవరే వాడాలి. షెడ్లో రెండూ ఒకే డబ్బాలో పడేస్తారు, అందుకే చెప్తున్నాను.

ఇంపాక్ట్ డ్రైవర్

మిగిలినవాటికి చేతి ఇంపాక్ట్ డ్రైవర్ తీశాం. లావుపాటి ఇనుప గొట్టంలా ఉంటుంది, కరెంటు ఉండదు, బ్యాటరీ ఉండదు. లోపల వాలుగా కోసిన గాడి, బలమైన స్ప్రింగు ఉంటాయి. వెనక నుంచి సుత్తితో కొడితే ఆ దెబ్బలో ఎక్కువ భాగం నేరుగా స్క్రూ మీదికి పోయి మొనను లోపలికి దిగ్గొడుతుంది, మిగతాది వాలు గాడి వల్ల మెలికగా మారుతుంది. దీని తెలివి ఇదే. మొన ఎగరడానికి వీల్లేని క్షణంలోనే తిప్పుతుంది. నొక్కడం, తిప్పడం రెండూ ఒకే దెబ్బలో జరుగుతాయి, మన చేతికి ఆ బాధ్యతే ఉండదు.

వాడే పద్ధతి చాలామందికి సరిగ్గా తెలియదు, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను. మొదట దిశ చూసుకోవాలి. విప్పే వైపుకు మార్చకుండా కొడితే స్క్రూ ఇంకా బిగుస్తుంది. మొన గాడిలో పెట్టాక గొట్టాన్ని చేత్తో విప్పే వైపు గట్టిగా తిప్పి, లోపలి వదులును తీసేసి, అలాగే పట్టుకోవాలి. వదులుగా పట్టుకుంటే దెబ్బ పడినప్పుడు మెలిక మొనకు బదులు గొట్టం వైపు పోతుంది. సుత్తి బరువైనది కావాలి. తేలిక సుత్తితో ఎంత గట్టిగా కొట్టినా పైపైన మోగి ఎగురుతుంది. బరువైన సుత్తిని తక్కువ ఎత్తు నుంచి, నిటారుగా, స్థిరంగా దించాలి. ఒక్క దెబ్బకే రావాలని లేదు. మొదటి దెబ్బకు జంగు చిట్లుతుంది, తర్వాతి దెబ్బలకు కదలిక వస్తుంది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది, శబ్దం కూడా మారుతుంది. గట్టి టక్కు కాస్తా మెత్తబడిందంటే స్క్రూ వదిలినట్టే. అక్కడితో ఇంపాక్ట్ పక్కన పెట్టి మామూలు డ్రైవర్‌తో తీయాలి.

బండిని సైడ్ స్టాండ్ మీద ఉంచి కొట్టకూడదు. దెబ్బ బండి ఊగడంలో పోతుంది, పైగా వంకరగా పడుతుంది. మెయిన్ స్టాండ్ మీద పెట్టి, ఎడమవైపు ఇంజిన్ కింద చెక్క దిమ్మ ఆనించాం. కవర్ అల్యూమినియం కాబట్టి స్క్రూ తల తప్ప ఇంకెక్కడా దెబ్బ తగలకూడదు.

కొట్టే ముందు రోజు సాయంత్రమే స్క్రూల చుట్టూ జంగు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాం. మొండికేసినవాటి చుట్టూ కవర్‌ను హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేశాం. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి మర పట్టు సడలుతుంది. అంతకుముందే పెట్రోల్ ట్యాంకు, కార్బొరేటర్ దించి దూరంగా పెట్టాం. అవి బండి మీద ఉండగా వేడి పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

హ్యాక్సా గాటు పెట్టిన స్క్రూకు ఇంపాక్ట్‌లోనే వెడల్పాటి మైనస్ మొన వేసి కొడితే వచ్చింది. గాటు కాస్త సన్నగా ఉంటే మొన సరిగ్గా దిగేదాకా ఆకురాయితో వెడల్పు చేశాం. ఉలి దెబ్బలు తిన్నది మాత్రం రాలేదు. గాడి అన్నదే మిగల్లేదు దానికి. తల మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, మొదట 3 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత 6 మిల్లీమీటర్ల బిట్టు వేసి తల ఊడేదాకా డ్రిల్ చేశాం. కవర్ ఊడి వచ్చాక మిగిలిన మొండాన్ని వైస్ గ్రిప్‌తో పట్టుకుంటే పెద్దగా ఎదురు చెప్పకుండా తిరిగింది. ఇక్కడ గమనించాల్సింది ఉంది. తల ఉన్నంతసేపు కవర్‌ను లాగి పట్టే బిగువు మర మీద, తల కింద రెండు చోట్లా రాపిడి పుట్టిస్తుంది. తల పోగానే ఆ బిగువు పోతుంది. అందుకే తల పోయిన స్క్రూ చూసి కంగారు పడక్కర్లేదు. కంగారులో విరిగిన స్క్రూలు తీసే ఎక్స్‌ట్రాక్టర్ దూర్చి, అది లోపల విరిగితేనే అసలు కష్టం.

జపాన్ కంపెనీ వెసెల్ చేసే ఇంపాక్టా అనే డ్రైవర్ గురించి కూడా చెప్పాలి. చూడటానికి మామూలు డ్రైవరే. వెనక కొడితే దెబ్బకు 12 డిగ్రీలు విప్పే వైపు తిరుగుతుంది. పెద్ద ఇంపాక్ట్ పట్టని చోట, చిన్న స్క్రూలకు చాలా బాగుంటుంది. ఎమ్6 మొండి స్క్రూకు పెద్ద ఇంపాక్ట్ ముందు అది నిలవదు.

రాచెట్, స్పైరల్

"అన్నా, రాచెట్ పెడితే జల్ది ఐతది గదా" అన్నాడు మా కుర్రాడు, మొదటి స్క్రూ దగ్గరే.

"వదులైనంక పెట్టు, జల్ది ఐతది. బిగుసుకున్న స్క్రూ మీద పెడితే నీ రాచెట్ పండ్లు పోతయ్ రా" అన్నాను.

రాచెట్ డ్రైవర్ లోపల పళ్ల చక్రం, దాన్ని ఒక వైపే తిరగనిచ్చే చిన్న నాలుక ఉంటాయి. మణికట్టును వెనక్కి తిప్పినప్పుడు మొన కదలదు, మళ్లీ పట్టు మార్చుకోనక్కర్లేదు. 36 పళ్లుంటే కనీసం 10 డిగ్రీలు, 72 ఉంటే 5 డిగ్రీలు తిప్పితే చాలు, తర్వాతి పన్ను పడుతుంది. ఇరుకు చోట ఇది వరం. కానీ ఇది తిప్పే బలాన్ని పెంచదు, నొక్కే బలాన్ని అసలే పెంచదు. మణికట్టు శ్రమను మాత్రమే తగ్గిస్తుంది. పైగా మార్చుకునే బిట్టుకు, సాకెట్టుకు మధ్య కాస్త వదులు ఉంటుంది, ఆ మేరకు మొన ఊగుతుంది.

ఇంకో పరిమితి కొత్తవాళ్లను తికమక పెడుతుంది. రాచెట్ వెనక్కి తిరగాలంటే స్క్రూకు కొంత బిగువు ఉండాలి. చక్రం రాపిడి కంటే స్క్రూ రాపిడి తక్కువైతే, వెనక్కి తిప్పినప్పుడు స్క్రూ కూడా వెంట వచ్చేస్తుంది. అందుకే పూర్తిగా వదులైన స్క్రూను, కొత్తగా మొదలుపెడుతున్న స్క్రూను కడ్డీని వేళ్లతో పట్టుకుని తిప్పడమే మంచిది. మధ్యలోని పొడుగాటి దూరం రాచెట్‌ది. ఈ బండి మీద దాని పని అంతవరకే, ఆ పని మాత్రం చక్కగా చేసింది.

స్పైరల్ డ్రైవర్ ఇక్కడ వాడలేదు. అయినా చెప్పాలి, ఎందుకంటే అందరూ దీన్ని రాచెట్‌తో కలిపేస్తారు. కడ్డీ మీద మెలికల గాళ్లుంటాయి. పిడిని ముందుకు తోస్తే కడ్డీ తిరుగుతుంది, స్ప్రింగు పిడిని వెనక్కి తెస్తుంది. ఫిలడెల్ఫియాలోని నార్త్ బ్రదర్స్ కంపెనీ యాంకీ పేరుతో వీటిని చేసి ప్రపంచమంతా అమ్మింది, 1946లో ఆ కంపెనీని స్టాన్లీ కొనేసింది. మా షెడ్డు పక్కన తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి దగ్గర పాతది ఒకటి ఉంది. కిటికీ కీళ్లకు వరసగా స్క్రూలు దించుతుంటే చూడముచ్చటగా ఉంటుంది.

దీంట్లో తిప్పే బలం నొక్కే బలం నుంచే పుడుతుంది. ఒక పూర్తి చుట్టుకు పిడి 50 మిల్లీమీటర్లు దిగాలనుకుందాం. 200 న్యూటన్లతో తోస్తే వచ్చేది, రాపిడి పోనూ, ఒకటిన్నర న్యూటన్ మీటర్ల లోపే. ముందే బెజ్జం వేసిన చెక్కలో స్క్రూ దించడానికి అది చాలు. జంగు పట్టిన ఎమ్6కు ఏ మూలకూ చాలదు. పైగా మొన జారితే మన బరువంతా వేసి తోస్తున్న చెయ్యి ఆ ఊపుతో ముందుకు పోతుంది. ఇంజిన్ ఫిన్నుల దగ్గర అలా జరిగితే వేళ్లు చీరుకుపోతాయి. లాక్ తీసేటప్పుడు కడ్డీ స్ప్రింగుతో ముందుకు ఎగురుతుంది, ముఖానికి దూరంగా పెట్టి తీయాలి.

కార్బొరేటర్ దగ్గర లెక్క మారుతుంది

క్లచ్ కవర్ దగ్గర సమస్య బలం చాలకపోవడం. మికుని కంపెనీ కార్బొరేటర్ దగ్గర సమస్య బలం ఎక్కువ కావడం. ఇక్కడ ఇంపాక్ట్ తగలకూడదు, పొరపాటున కూడా. పోత పోసిన దాని బాడీ మీద సుత్తి దెబ్బ పడితే స్క్రూలు పట్టే చెవులు విరుగుతాయి.

ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు బూటు క్లాంపు స్క్రూకు ఫ్రేము అడ్డం. మామూలు డ్రైవర్ నిటారుగా రాదు, పొట్టి డ్రైవర్ సరిపోయింది. పొట్టిదానికి పిడి లావుగా ఉన్నది ఎంచుకోవాలి, పట్టుకోవడానికి చోటు తక్కువ కాబట్టి. అదీ పట్టని చోట జెడ్ ఆకారంలో వంచిన ఆఫ్‌సెట్ డ్రైవర్ ఉంటుంది. దాని చెయ్యి పొడుగు వల్ల తిప్పే బలం బాగా వస్తుంది, కానీ మొనకు పైనుంచి నొక్కడానికి వీలుండదు. మైనస్ స్క్రూకు పర్వాలేదు. ఫిలిప్స్ గాడిలో వాడితే వాలు గోడ మొనను పైకి తోసేస్తుంది, దాన్ని ఆపే బొటనవేలు ఒక్కటే. నేను దాన్ని చివరి దారిగా మాత్రమే ఉంచుకుంటాను.

ఫ్లోట్ గిన్నె స్క్రూలకు 2వ నంబరు జేఐఎస్ డ్రైవర్‌ను చేత్తోనే వాడాం. గిన్నె తీశాక పైలట్ జెట్. ఐడిలింగ్ గొడవంతా దీనిదే. మెత్తటి ఇత్తడి, సన్నటి గొట్టం అడుగున ఉంటుంది, తల మీద మైనస్ గాడి. మామూలు మైనస్ డ్రైవర్ మొన కిందికి వచ్చేకొద్దీ పలచబడి, వెడల్పు వైపు విచ్చుకుని ఉంటుంది. విచ్చుకున్న భాగం గొట్టం గోడలకు తగులుతుంది, పలచటి మొన గాడిలో ఊగుతుంది, తిప్పగానే ఇత్తడి అంచు విరుగుతుంది. ఇక్కడ కావాల్సింది చివరి దాకా ఒకే మందం, ఒకే వెడల్పు ఉన్న మొన. అలాంటిది ఒకటి నా దగ్గర ఉంది, జెట్లకే విడిగా పెట్టుకున్నాను. మొన మందం గాడిలో బిగువుగా, వెడల్పు జెట్ తల వ్యాసానికి సరిపడా ఉండాలి. చేతిలోకి తీసుకున్న జెట్‌ను వెలుతురుకెదురుగా పెడితే బెజ్జం అసలు కనిపించలేదు. పాత పెట్రోలు జిగురై గట్టిపడింది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాకే చుక్కంత వెలుగు వచ్చింది.

ఐడిలింగ్‌లో కలిసే గాలిని సర్దే ఎయిర్ స్క్రూ తీసే ముందు దాన్ని మెల్లగా పూర్తిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పోయిందో రాసుకున్నాం. దానికి వాడింది గడియారాల వాళ్లు వాడే తరహా ప్రిసిషన్ డ్రైవర్. పైన తిరిగే టోపీ మీద చూపుడు వేలు ఆనించి, బొటనవేలు, నడిమి వేలితో తిప్పాలి. నొక్కే వేలు వేరు, తిప్పే వేళ్లు వేరు. బలం చాలా తక్కువ కాబట్టే అడుగు తగిలిన క్షణం వేళ్లకు తెలుస్తుంది. పెద్ద పిడి డ్రైవర్‌తో అది తెలియదు, స్క్రూ మొన వెళ్లి కూర్చునే చోటు నొక్కుకుపోతుంది.

మళ్లీ బిగించడం

పుత్లీబౌలిలో కొత్త ప్యాకింగ్, రెండు స్క్రూలు తెచ్చాం. పాతవాటిలో అంచులు కొద్దిగా లేచినవాటిని చిన్న బాల్ పీన్ సుత్తితో మెల్లగా కొట్టి చదును చేసి, 3వ నంబరు మొన మళ్లీ దిగ్గొట్టి గాడిని సరిచేశాం. ఇంకు పరీక్షలో నిలిచినవే మళ్లీ వేశాం.

అప్పుడే ఓనరు వచ్చారు. "వీటన్నిటి బదులు అలెన్ బోల్టులు వేసెయ్ బాబూ, అందరూ అవే వేయించుకుంటున్నారట గదా" అన్నారు. తలలో ఆరు పలకల గుంట ఉండే బోల్టులవి.

"వేయొచ్చు సార్, విప్పడం తేలిక. కానీ అలెన్ కీ చెయ్యి పొడుగ్గా ఉంటుంది, మొన జారదు. తెలియని చెయ్యి పడితే బోల్టుకేం కాదు, కేసు లోపలి మర ఊడొస్తుంది. స్క్రూ పోతే కొత్త స్క్రూ చాలు. కేసు మర పోతే ఖర్చు వేరేగా ఉంటుంది" అన్నాను. నా అభిప్రాయం ఇప్పటికీ అదే. సరైన మొన ఉంటే ఒరిజినల్ స్క్రూలో లోపం లేదు. తిప్పే బలాన్ని (టార్క్) కొలిచి బిగించే టార్క్ రెంచ్ వాడే చేతిలో అలెన్ బోల్టు కూడా మంచిదే. ఆయన కాసేపు ఆలోచించి పాతవే ఉంచమన్నారు.

మర బెజ్జాల్ని శుభ్రం చేసి, మరలు పట్టుకుపోకుండా చేసే యాంటీ సీజ్ పేస్టును స్క్రూ మరకు పలచగా పూశాం. పేస్టు ఉన్నప్పుడు రాపిడి తగ్గుతుంది కాబట్టి టార్క్ కాస్త తక్కువే పెట్టాలి. ప్రతి స్క్రూనూ మొదట వేళ్లతో, విప్పే వైపు మెల్లగా తిప్పి, మర టక్కున పడిన చోటు నుంచి ముందుకు తిప్పాం. మధ్య దూరం రాచెట్‌తో. చివరి బిగింపుకు చేతి టార్క్ డ్రైవర్ పనికిరాలేదు. నా దగ్గరున్నది 5 న్యూటన్ మీటర్ల వరకే పోతుంది. పావు అంగుళం టార్క్ రెంచ్‌కు 3వ నంబరు బిట్టు తగిలించి, వెనక నుంచి అరచేత్తో నొక్కి పట్టి, 8 న్యూటన్ మీటర్ల దగ్గర సెట్ చేసి, ఎదురెదురు స్క్రూలను విడతలుగా బిగించాం. ఫ్లోట్ గిన్నె స్క్రూలకు చేతి బిగువే చాలు. అక్కడ పిడిని అరచేత్తో కాకుండా మూడు వేళ్లతో పట్టుకుంటే ఎక్కువ బిగించే ప్రమాదం ఉండదు.

ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక చూస్తే కవర్ అంచు పొడిగా ఉంది. ఐడిలింగ్ నిలబడింది, పెట్రోలు పొంగడం ఆగింది. కొత్త ప్యాకింగ్ వేడికి కాస్త సర్దుకుంటుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక కవర్ స్క్రూల టార్క్ ఒకసారి చూడాలని జాబ్ కార్డు మీద రాశాను. ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ స్క్రూలు ఇంకా ఎవరి చెయ్యీ పడకుండా ఉన్నాయి. వాటిని ఇప్పుడు విప్పాల్సిన పని రాలేదు. వచ్చినప్పుడు గాడి గోకి, ఆయిల్ కొట్టి ఒక రాత్రి ఉంచి, 3వ నంబరు జేఐఎస్ మొనతో ఇంపాక్ట్ నుంచే మొదలుపెట్టాలని కూడా దాని కిందే రాసి ఉంది.